అక్క చెప్పిన సాక్ష్యం

నారాయణఖేడ్ బస్టాండులో అక్కాచెల్లెళ్లు హైదరాబాదు బస్సు కోసం కూర్చున్నారు. చెల్లెలు అడుగుతుంటే, అక్క చూపు బస్సులు వచ్చే గేటు మీదే ఉంది.

“అక్కా, అమ్మ నన్ను గూడ నీ లెక్క కోడింగ్‌ల చేరమంటది. గది నాకు సెట్టయితదా?”

“నీకు ఇష్టమేనా?”

“ఏమో. కుట్టుమిషన్ మీద కూసుంటే పొద్దు తెల్వది నాకు. అమ్మేమో అక్క లెక్క కావాలె అంటది.”

“నా పని సంగతి అమ్మకేం తెల్సు?”

“తెల్వకేంది? ఉద్యోగం వచ్చినప్పుడు నువ్వు చర్చిల సాక్ష్యం చెప్పలేదా, దేవుడు దారి చూపిండని? అమ్మ ఇప్పటికీ అందరికి గదే చెప్తది.”

“నువ్వు మాత్రం ఈ పనిల్కు రాకు చెల్లె.”

“నాకంత తెలివి లేదనా?”

“గది కాదే పిచ్చిదానా.”

బస్సు వచ్చింది. చెల్లెలు అక్క బ్యాగు భుజానికెత్తుకుని, అక్కడే ఆగిపోయింది.

“ఏందక్కా, గింత అల్కగుంది? లాప్‌టాప్ ఇంట్ల మర్చిపోయినవా?”

“అది కంపెనీది. వాపస్ ఇచ్చిన.”

“ఎందుకు?”

“మనుషులు ఎక్కువైండ్రని తీసేసిండ్రు. క్రిస్మస్‌కు ముందే.”

“మరి ఇప్పుడు బస్సెక్కి ఎటు పోతున్నవ్?”

“హాస్టల్‌ల ఉండి వేరే నౌకరి ఎతుకుతున్న. నాకు ఆ పనంటే పానం, గందుకే ఎతుకుతున్న. ఇష్టం లేకుంట వస్తే, గిట్ల తీసేసిన నాడు నీకు ఏం మిగలది.”

“అమ్మకు చెప్పవా?”

“వచ్చే ఆదివారం ఇంటికొచ్చి చర్చిలనే చెప్తా. మల్ల సాక్ష్యానికి లేస్తా.”

“నౌకరి పోయిందని ఎవరన్న సాక్ష్యం చెప్తరా అక్కా?”

అక్కకు గుర్తున్నంతలో, ఆ చర్చిలో ఎవరూ చెప్పలేదు.