ఎల్లమ్మ కూలి, నా గ్రేడు

"తాతా, నువ్వు యూనివర్సిటీల గాజు గొట్టాలు ఊదేటోనివట గదా? నీకు గ్రేడు ఎట్ల దొరికింది? అమ్మనడిగితే, పోయి మీ తాతనే అడుగు అన్నది."

అంటది, మీ అమ్మ అట్లనే అంటది. దానికంత ఎర్కనే. నా నోటితోనే చెప్పియ్యాలె, గంతే. ఫోన్ల నా మాట రికార్డు పడుతున్నదా? పడనియ్యి. జర ఆ ఫ్యాన్ తగ్గియ్యి బిడ్డా, చెవుల గుయ్యిమంటున్నది. ఆఁ, సాలు.

ఏండ్లు గుర్తుండయి నాకు. అరవై ఏడో, అరవై ఎనిమిదో. మీ పెద్దమ్మ అప్పుడప్పుడే నడుస్తుండె, మీ అమ్మ ఇంకా పుట్టలే. తార్నాకల గప్పుడు గిన్ని ఇండ్లు యాడివి? చౌరస్తా దాటినమంటే రాళ్లగుట్టలు, సీతాఫలం చెట్లు. లాలాగూడ పోయే తొవ్వల ఒక వరుస రేకుల అర్రలుండె, అండ్ల కిరాయికుంటుంటిమి. నెలకు పన్నెండు రూపాయలు. నవ్వకు, గా పన్నెండు కట్టుడే పానం మీదికొచ్చేది. ఇరానీ హోటళ్ల చాయ్ తాగాల్నంటే మీ అమ్మమ్మ మొఖం యాదికొచ్చి ఎనకకు తిరిగొచ్చేటోణ్ని.

పనా? కెమిస్ట్రీ బిల్డింగు ఎనుక షెడ్డుండె. గ్యాసు మంట మీద గాజు గొట్టం పట్టుకొని, రెండు చేతులతోని ఒక్క తీరుగ తిప్పాలె. ఒక చెయ్యి జర ముందటికి పోయినా మెలి పడతది. మెత్తవడంగనే నోట్లె పెట్టుకొని ఊదాలె. ఎక్కువ ఊదితే పలుగుతది, తక్కువ ఊదితే ఒక దిక్కు మందం, ఒక దిక్కు పల్చన. అయిపోయినంక సల్లగ చేసుడు ఇంకో కథ. తొందరపడితే తెల్లారేసరికి పటుక్కుమంటది. పాతబస్తీల ఒక ఉస్తాద్ దగ్గర ఆరేండ్లు నేర్చుకున్న. మొదటి రెండేండ్లు ఆయన ఇంటికి నీళ్లు మోసుడే, మంట దగ్గరికి రానియ్యలే. పెద్ద పెద్ద ప్రొఫెసర్లు ఫారిన్ నుంచి తెప్పించుకున్న సామాను పలగ్గొట్టుకొని నా తానికి వచ్చేటోళ్లు. నర్సింహులూ, జర చూడవయ్యా అని. చూసేటోణ్ని. అతుకు ఏడున్నదో మళ్ల వాళ్లకే దొరకకపోతుండె.

గంత పని చేసినా నేను దినకూలోన్నే! ఆదివారం పైసల్లేవు, పండుగకు పైసల్లేవు. దినానికి మూడు రూపాయలు. నాలుగేండ్ల సంది అదే మూడు.

ఇగ ఎల్లమ్మ. మా గోడకు గోడ ఎల్లమ్మ వాళ్లది. మొగడు సచ్చిపోయిండు, అత్తకు పచ్చవాతం, మంచంలనే అన్నీ. ఎల్లమ్మ క్యాంపస్‌ల తోటపని చేసేది. నీళ్లు పెట్టుడు, ఆకులూడ్చుడు, గడ్డి తీసుడు. రూపాయి బారాణా కూలి, అంటే రూపాయి డెబ్బై అయిదు పైసలు. మంచిది బిడ్డా, మస్తు మంచిది. మీ పెద్దమ్మను చంకల ఏసుకొని తిరిగేది. "నర్సింలన్నా, నర్సింలన్నా" అని గోడ మీదికెల్లి పిలిచేది. పచ్చిపులుసు చేస్తే ఒక గిన్నె మా ఇంట్ల ఉండాలె. నాకు సొంత చెల్లె లేదు, దాన్నే చెల్లె అనుకున్న. అవును, అనుకున్న.

ఎండాకాలం గాలి ఎట్ల కొడుతున్నదో చూసినవా? ఆ కిటికీ... వద్దులే, నేనే ఏస్త. నాకు కూసోబుద్ధి అయితలే.

యాడిదాక చెప్పిన? ఆఁ. గవర్నమెంటు ఆర్డర్ వచ్చింది, దినకూలోళ్లకు కనీస కూలి పెంచుతున్నమని. తోటపనోళ్లు, ఊడ్చేటోళ్లు, బరువులు మోసేటోళ్లు, అందరికీ పెరిగింది. ఎల్లమ్మకు రెండు రూపాయల బారాణా అయింది. పని నేర్చినోళ్లకు వేరే ఆర్డర్ వస్తది అన్నరు. వస్తది, వస్తది. ఏదీ రాలే.

అంటే ఏమైనట్టు? ఆమెకూ నాకూ నడుమ చారాణా, పావలా! ఒక్క చారాణా తేడా! ఆరేండ్ల నేర్పు, కాలిన చేతి ఏళ్లు, పగిలిన పెదవులు, గా గ్యాసు పొగకు దగ్గు, గివన్నీ కలిపితే చారాణా. నాకు నిద్ర పట్టకపోయేది. ఎల్లమ్మ కూలి తీసుకున్న దినం పుట్నాలు, బెల్లం తెచ్చి పంచింది. అందరు తిన్నరు. నేను తినలే. కడుపుల నొప్పి అన్న. నొప్పి గిప్పి ఏం లేదు బిడ్డా, కుళ్లు. ఆమెకు పెరిగిందని కుళ్లు. సిగ్గులేకుండ చెప్తున్న గదా, ఇయ్యాలనన్న చెప్పాలె.

ఆఫీసుల సుబ్బన్న అని గుమస్తా ఉండె. అనంతపురం దిక్కాయన, విద్యానగర్‌ల ఉండేటోడు. మంచోడే, మన పని చేసి పెట్టేటోడు. ఆయన తానికి పోయి, సార్, నాకు పని తెలిసినోళ్ల గ్రేడు, నెల జీతం కావాలె, అర్జీ రాసిపెట్టుండ్రి అన్న. నాకు ఉర్దూల ఏడో తరగతి, ఇంగ్లీషు యాడొస్తది?

ఆయన ఏమన్నడంటే, "ఏమప్పా నర్సింహులూ, ఊరికే పెంచండి సారూ అంటే పైవాళ్లు పెంచుతారా? ఎవరితో పోల్చుకుంటాండావో చెప్పాల. ఫలానా పనివాడికి ఇంత వస్తాంది, నాకింతే వస్తాంది, ఇదేం న్యాయం అని పేరుతో సహా రాయాల. అప్పుడే వాళ్లు ఫైలు తిరగేసేది."

గదీ రివాజు. ఆ కాలంల ఎవరు అర్జీ పెట్టినా ఇంకొకరి పేరు రాయకుండ లేదు. కట్టెపని చేసే వడ్లాయన ఫిట్టర్ పేరు రాసేటోడు, ఫిట్టర్ డ్రైవర్ పేరు రాసేటోడు. తప్పని ఎవరూ అనుకోకపోతుండ్రి. నేను గూడ పేరు చెప్పిన. ఎల్లమ్మ పేరు. నోటికి అదే వచ్చింది. పేరు ఒక్కటే చెప్పిన, అంతకంటే ఏం చెప్పలే.

రెండు నెలలు తిరిగిన. పొద్దుగాల పోతప్పుడు ఆఫీసు, మాపటికి వస్తప్పుడు ఆఫీసు. మంట ముందట కూసున్నా ధ్యాస ఆఫీసు మీదనే. ఒక దినం మూడు గొట్టాలు పలగ్గొట్టిన, ఎన్నడన్న గట్లయిందా నాకు? ఉస్తాద్ చూస్తే చెంప మీద కొట్టేటోడు.

ఆర్డర్ వచ్చింది. నాకు గ్రేడు ఇచ్చిన్రు! నెల జీతం, ఆదివారం పైసలు, అన్నీ. షెడ్డుల ఎగిరి దుంకిన. సుబ్బన్న సార్ చెయ్యి పట్టుకొని ఊపిన. "ఆగప్పా, రెండో పేజీ కూడా ఉండాది" అన్నడు. రెండో పేజీల ఏమున్నదంటే, తోటపని చేసే ఎల్లమ్మ రెండు గంటలకే ఇంటికి పోతున్నట్టు తెలిసింది, కనక ఆమెను సగం దినం కూలి కింద రాయాలె. సగం దినం! రూపాయి ఆరణాలు. పెంచక ముందు వచ్చేదానికంటే గూడ తక్కువ.

ఆయన చెయ్యి ఇడిచిపెట్టిన. సార్, గిదేంది, నా అర్జీకి ఆమెకు సంబంధమేంది అన్న. ఆయన అర్జీల నా దస్తఖత్ మీద ఏలు పెట్టి చూపిచ్చిండు.

చెప్త, చెప్త. ఆగు. ఇందాక అబద్ధం చెప్పిన బిడ్డా. పేరు ఒక్కటే చెప్పిన అన్న గదా, కాదు. అర్జీ రాస్తప్పుడు నాకు మస్తు కోపముండె. గా కోపంల, సార్, ఆమె రెండు గంటలకే ఇంటికి పోతది, మాపటి దాకా ఊదేటోన్ని నేను, ఇద్దరికీ ఒక్క తీరుగనా అని నేనే అన్న. ఆయన రాసిండు, నేను దస్తఖత్ పెట్టిన. ఏండ్లకేండ్లు మీ అమ్మమ్మకు గూడ పేరు ఒక్కటే చెప్పిన అనే చెప్పిన. ఆమె నమ్మలే, ఆమెకు ఎర్కైంది.

ఇంకోటి చెప్పాలె. ఎల్లమ్మ రెండింటికి పోయేది, నిజమే. ఎందుకు పోయేది? అత్తకు అన్నం తినిపియ్యాలె, బట్టలు మార్చాలె. కాని ఎప్పుడు వచ్చేది? పొద్దుగాల ఆరింటికే! సూర్యుడు పైకి రాకముందే పైపు పట్టుకొని నిలవడేది. ఎనిమిది గంటల పని ఎనిమిది గంటలే చేసేది, కష్టం నా కంటే ఎక్కువే. మేస్త్రీకి ఎర్కే, తోట మొత్తానికి ఎర్కే. నాకు ఎర్క లేదా? గోడకు గోడ! అది పొయ్యి అంటు పెట్టే సప్పుడుకే నేను లేచేటోణ్ని. రెండింటికి పోతది అని చెప్పిన నోటితోని ఆరింటికే వస్తది అని చెప్పలే. గదే నేను చేసింది.

నీళ్లియ్యి. ఆఁ, సాలు.

ఎల్లమ్మకు నా అర్జీ సంగతి తెల్వదు. కూలి తగ్గిందని మూడు దినాలు ఏడ్చింది. మీ అమ్మమ్మ అన్నం పట్టుకపోతే తినలే. నాలుగో దినం నా తానికే వచ్చింది. "నర్సింలన్నా, నీకు గ్రేడు వచ్చింది, నాకు మస్తు సంతోషం. నువ్వు ఆఫీసుల మాట్లాడ నేర్చినోనివి. నాకు గూడ ఒక అర్జీ రాపియ్యవా అన్నా?" అన్నది.

ఏం జెయ్యాలె చెప్పు! అప్పుడే చెప్పేస్తే అయిపోతుండె. నోరు తెరిచిన. "రాపిస్త చెల్లె" అన్న. గంతే వచ్చింది నోట్లెకెల్లి.

తెల్లారి తీస్కపోయిన. తొవ్వ పొడుగునా అది మాట్లాడుతనే ఉన్నది. ఆర్ట్స్ కాలేజీ ముందటి చెట్లు చూపిచ్చి, ఇవి నేను నీళ్లు పెట్టినయే అన్నా అని సంబరంగ చెప్తున్నది. నాకు చెవులకు ఎక్కుతలే. లోపటికి పోంగనే సుబ్బన్న సార్‌ను సైగ చేసిన, వద్దు అని. ఆయన చూడలే. ఫైలు తీసి ముందట పెట్టిండు. "చూడమ్మా, నీది ఎందుకు తగ్గించినారో ముందు తెలుసుకోవాల, అప్పుడే జవాబు రాయగలం" అనుకుంట నా అర్జీని తెలుగుల చదువుడు మొదలువెట్టిండు. నా పేరు దగ్గరికి వచ్చినంక ఆగిండు. దానికి ఏం తెల్వదని ఆయనకు అప్పుడు సమజైంది. కాని అప్పటికే చదివిండు, "గాజు పనివాడు నర్సింహులు మనవి" అని.

అది నన్ను చూసింది. నేను భూమిని చూస్తున్న.

సార్, ఆమె ఆరింటికే వస్తది, గది నేను చెప్పలే, ఇప్పుడు చెప్తున్న, రాయుండ్రి అన్న. ఆయన గొంతు తగ్గించి, "నువ్వు సాక్షి సంతకం పెడితే మంచిదే. కానీ మొన్న ఒకటి చెప్పి ఇప్పుడు ఇంకోటి చెప్తాండావు. నీ గ్రేడు ఫైలు మళ్లీ తెరుస్తారేమో, ఆలోచించుకోప్పా" అన్నడు.

పెన్ను చేతిల పట్టుకున్న. పెట్టిన్నా అంటే పెట్టిన బిడ్డా, దస్తఖత్ పెట్టిన. కాని ఎంత సేపటికి! నెల జీతం కండ్ల ముందట తిరిగింది, ఆదివారం పైసలు, మీ పెద్దమ్మ పాలు. నా చెయ్యి కాగితం మీద ఆగిపోయింది. ఆ ఆగుడు అది చూసింది. గంత సేపు అది రెప్ప కొట్టలే.

నేను పెట్టినంక అది ముందటికొచ్చి, "ఏడ పెట్టాలె సారూ?" అని సుబ్బన్నను అడిగి, ఏలిముద్ర ఏసింది. ఏలికంటిన సిరా కొంగుకు తుడుసుకున్నది.

బయటికి వచ్చినంక, పోదామా చెల్లె అన్న.

"మీరు పోండి సారూ" అన్నది.

సుబ్బన్నతోనేమో అనుకున్న. ఎనకకు చూసిన, ఎవరు లేరు. నాతోనే అన్నది.

మూడు నెలలకు దాని నిండు కూలి మళ్లొచ్చింది, ఎనకటి పైసలతో సహా. నా గ్రేడు ఎవరూ ముట్టలే, అంత భయం ఉత్తదే. మేము ఇంకా తొమ్మిదేండ్లు అదే గోడకు గోడ ఉన్నం. దాని అత్తకు మీ అమ్మమ్మ అన్నం పెట్టేది, అది మీ పెద్దమ్మకు జడలేసేది, లొల్లి లేదు, మాట పట్టింపు లేదు. నన్ను చూస్తే మాత్రం కొంగు సదురుకొని, సారూ, మీరు, రండి, కూసోండి... అన్నా అని ఒక్కపారి పిలువలే. అడగరాదా అంటవా? ఎట్ల అడుగుత బిడ్డా, ఏం మొఖం పెట్టుకొని అడుగుత...

బంద్ చెయ్యి ఫోను. అరే, కండ్లు తుడుసుకో, నువ్వెందుకు ఏడుస్తవ్? రేపు నువ్వు పెద్ద ఆఫీసర్ అయితవు, పెద్ద జీతమొస్తది, రావాలె. నీతోని పనిచేసేటోళ్లు నిన్ను మేడం అనొద్దు బిడ్డా, అక్కా అనే పిలువాలె. సల్లగుండు, పో.