కిరీటి బిగించిన సామాను

తెనాలి దాటి రేపల్లె రోడ్డెక్కాక కారు నడుపుతున్న వీరరాఘవయ్య నోటికి అడ్డూ ఆపూ లేదు. పక్కసీట్లో కూతురు చందన, వెనక భార్య మాణిక్యమ్మ. చందన పొద్దుటినుంచీ ఒక్క మాట చెప్పాలని చూస్తోంది. పాపం, సందు దొరికితేగా!

“చూశావా, చూశావా ఆ కుదుపు? నా కారు ఎప్పుడన్నా ఇలా కుదిపిందా?”

“అది గుంట నాన్నా. అసలు సంగతేంటంటే...”

“ఆగవే! గుంటేదో కుదుపేదో నాకు తెలీదా? మొన్నటిదాకా వెన్నలా పోయేది. నిన్న బాపట్ల తీసుకెళ్ళి ఆ కిరీటిగాడి చేతిలో పెట్టావు, ఇదిగో, ఈ గతి పట్టింది.”

“తీసుకెళ్ళమంది మీరేగా! వాడి సామాను బిగించమను, రేపల్లె దాకా నడిపి చూస్తా, తేడా తెలిస్తేనే వాణ్ణి అల్లుణ్ణి చేసుకుంటా అన్నారు.”

“అన్నాను. తెలుస్తోందిగా తేడా! దరిద్రంగా తెలుస్తోంది.”

“ఇంతకీ ఏంటండీ ఆ సామాను? వెనక కూర్చున్నదాన్ని, నాకూ కాస్త చెప్పండి.”

“థ్రాటిల్ బాడీ అంట, మాణిక్యం. ఇంజన్లోకి గాలి పోయే దారి. చిన్నది తీసి పెద్దది బిగిస్తే కారు రయ్యిన పోద్దంట! గేదెకి మూతి పెద్దదైతే పాలు పెరుగుతాయా? కుడితి ఎక్కువ తాగుద్ది, అంతే. అదిగో, ఆ ముల్లు చూడు. జంపని దాటామో లేదో, పెట్రోలు ఎంత దిగిందో!”

“మీరు కొట్టిస్తే గదా ఉండటానికి. నాన్నా, ఒక్క నిమిషం నా మాట...”

“నీ మాటేంటి, నీ నోట్లో ఉన్నవన్నీ వాడి మాటలేగా. ఇంజనీరింగ్ చదివి షెడ్డు పెట్టాడంటే ఏమో అనుకున్నా. కుర్రకుంకలకి ఇలాంటివి అంటగట్టి బతకడం! ఛీ, అదీ ఒక బతుకేనా?”

“అందరికీ అంటగట్టడు నాన్నా.”

“నాకు అంటగట్టాడుగా! పిల్లనిచ్చే మామనే మోసం చేసినోడు, రేపు పిల్లనేం చూస్తాడు?”

“ఇస్తాననలేదుగా, అప్పుడే మామేంటండీ?”

“నోరు జారిందిలే! ఆ మోత విను ముందు. ఉబ్బసం రోగిలా ఆ రొప్పేంటి?”

“ఏసీ వేస్తే ఎప్పుడూ ఇంతే గదండీ.”

“ఎప్పుడూ లేదు! కారెక్కగానే కునుకు తీసేదానివి, నీకేం తెలుసు?”

“అమ్మా, వదిలెయ్. నాన్ననే మాట్లాడనీ.”

“మాట్లాడేదేముంది? భట్టిప్రోలు వచ్చేశాం, రేపల్లె దాకా అక్కర్లేదు. ఈ సంబంధం వద్దు. ఏడిస్తే ఏడు.”

“ఏడవట్లేదు.”

“అయితే మరీ మంచిది. రేపు బాపట్ల వెళ్ళి వాడి సామాను పీకించి, నా పాతది నాకు పెట్టించుకురా.”

“పీకడానికి అక్కడేం లేదు నాన్నా. అతను బిగించలేదు.”

“ఏంటీ?”

“బానెట్ ఎత్తి చూశాడు, మూసేశాడు. ఇంత చిన్న ఇంజను దానికి కావలసినంత గాలి ఇప్పటికే పీలుస్తోంది, పెద్దది పెట్టినా దండగే అన్నాడు. అచ్చం మీరన్న మాటే, గేదె ఒక్కటే తక్కువ. పొద్దుటినుంచీ చెప్పబోతున్నా, మీరు విన్నారా?”

“మరి... మరి ఆ కుదుపు? ఆ రొప్పు?”

“అవి మన కారువే.”

“తేడా తెలీకపోతే పిల్లనివ్వరని తెలిసే బిగించలేదంటావా, చందూ?”

“తెలిసే అమ్మా. నా సంబంధం కోసం మీ నాన్నకి అబద్ధం అమ్మలేను, ఏమైతే అదైందన్నాడు.”

“విన్నారా, ఏవండీ? తేడా తెలిస్తే అల్లుణ్ణి చేసుకుంటానన్నారు. లేని తేడా కూడా తెలిసిందిగా మీకు, ఇంకేం కావాలి?”