ఊడిపోయే చైను

బడి వదిలాక పిల్లలకు సైకిల్ రిపేరు నేర్పే షాపాయన, బడి వెనక షెడ్డు తాళంచెవి తెచ్చి టీచరు బల్లమీద పెట్టాడు. పెట్టి, పిల్లల బెంచీలోనే కూలబడ్డాడు.

"ఇక నా వల్ల కాదు టీచరమ్మా. పగలంతా షాపు, సాయంత్రం వీళ్ళు. నడుం పడిపోతోంది."

"నాకు మాత్రం ఓపికెక్కడుంది అన్నా? బలవంతపెట్టను. పిల్లలేమైనా అన్నారా?"

"అన్నా బాగుండు. ఆ ఏడో తరగతి రెండు జడల పిల్ల లేదూ? దగ్గరుండి చైను ఎక్కించి పంపుతానా, మర్నాడు మళ్ళీ ఊడిపోయిందని తెస్తుంది. ఇన్నేళ్ళ పనితనం గంగలో కలిసింది."

"ఊడట్లేదన్నా. షెడ్డు వెనక నిలబడి తనే ఊడదీస్తోంది. నిన్న నా కళ్ళతో చూశాను."

"దానికేం పోయేకాలం?"

"సైకిలు బాగైనవాళ్ళు ఇంటికెళ్ళిపోవాలని రూలు పెట్టింది మీరే కదా. వాళ్ళమ్మ డ్యూటీ దిగి వచ్చేసరికి చీకటి పడుతుంది. అందాకా ఇంట్లో ఎవరుంటారు?"

ఆయన కాసేపు తన గ్రీజు చేతులకేసి చూసుకున్నాడు. తర్వాత మోకాళ్ళ మీద చేతులాన్చి లేచి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"రేపు ఆ పిల్లతో చక్రాలు రెండూ విప్పిస్తాను. అదంత తొందరగా తెమిలే పని కాదు."