బీరువాలోని నీలి పిట్టకు తాళం తీయించిన భావం మాస్టారు

పంతొమ్మిది వందల తొంభై రెండు, జూలై ఆరవ తేదీ, సోమవారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు మన ఉన్నత పాఠశాల హాజరుపట్టీలో తొలి సంతకం చేసిన భాషోపాధ్యాయులు, ముప్పై మూడు సంవత్సరాల అవిచ్ఛిన్న బోధనానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ సందర్భంలో వారి సేవలను స్మరించుకోవడం సహోద్యోగులందరికీ ఆనందదాయకం. కొంత భయదాయకం కూడా. ఎందుకంటే ఈ ప్రత్యేక సంచికలోని ప్రతి వాక్యాన్నీ వారు చదువుతారు, చదివి, రాసినవారిని స్టాఫ్‌రూమ్‌లో నిలబెట్టి దాని భావమేమిటని అడుగుతారు.

వారికి 'భావం మాస్టారు' అన్న పేరు చేరిన మొదటి నెలలోనే స్థిరపడింది. ఒకటిన్నర పేజీల కథను మూడు వారాలు బోధించగల ప్రజ్ఞ వారిది. కథలో కిటికీ తెరుచుకుంటే అది కిటికీ కాదు, వర్షం కురిస్తే అది వర్షం కాదు. పాత్ర ఎవరైనా తుమ్మితే ఆ తుమ్ములో సమాజం పట్ల నిరసన ఎంత, జలుబు ఎంత అని విద్యార్థులు తేల్చవలసి వచ్చేది. ఈ విశ్లేషణాసక్తి తరగతి గదికే పరిమితం కాలేదు. అత్తగారికి సుస్తీగా ఉన్నందున రెండు రోజులు సెలవు కావాలని అటెండరు రాసుకున్న చీటీని చేతిలోకి తీసుకుని, ఆ వాక్యంలో సంతోషం ఏ పదం చాటున దాగి ఉన్నదో వారు పది నిమిషాలు వివరించారు. నాటి నుండి ఆ అటెండరు సెలవు నోటిమాటగానే అడిగేవాడు.

రెండు వేల సంవత్సరంలో వారు గోడపత్రికను, ఆ మరుసటి ఏడు చర్చావేదికను ప్రారంభించారు. చర్చలో ఏ పక్షాన మాట్లాడాలో చీటీలు వేసి నిర్ణయించడం వారు పెట్టిన నియమం. ఏ చీటీ వచ్చినా ఓడిపోకపోవడం వారికి అలవాటైన సంగతి. ఆసుపత్రి మందుల విభాగంలో ఫార్మసిస్టుగా పనిచేసే వారి సతీమణి మాత్రం, ఇంట్లో చీటీలు వెయ్యరు గనుక ఇంట్లో గెలవరు అని నవ్వుతూ చెప్పేవారు.

వారి ఉద్యోగ జీవితంలో మిక్కిలి చెప్పుకోదగిన ఘట్టం రెండు వేల పదకొండులో జరిగింది. ఆ ఏడు సైకిల్ స్టాండు వెనుక మూడు ఖాళీ దగ్గు మందు సీసాలు దొరికాయి. మత్తు కోసం పిల్లలెవరో తాగి ఉంటారని అప్పటి ప్రధానోపాధ్యాయిని గారు హడలిపోయారు. ఆ భయం అకారణమని ఎవరూ అనలేరు. ఆమె ఆ సాయంత్రమే పాఠశాల ఆవరణలో ఏ రకమైన మందూ ఉండరాదని ఆజ్ఞ జారీ చేసి, పిల్లల సంచుల్లో దొరికినవన్నీ తమ గదిలోని ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశారు.

మూడు వారాల తరువాత తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె గోడపత్రికకు ఒక చిన్న కథ ఇచ్చింది. ఒక పిల్ల జేబులో నీలి పిట్ట ఉంటుంది. పిల్లకు గుండెలు బిగుసుకున్నప్పుడల్లా అది తన ఊపిరి ఇస్తుంది. పెద్దలు దాన్ని పట్టుకుపోయి ఇనుప బీరువాలో పెడతారు. తాళంచెవి ఉన్నవారు సమావేశానికి వెళ్లిన రోజున ఆ పిల్ల నలభై నిమిషాలు కిటికీ దగ్గర కూర్చుని, బయటి గాలి తనదాకా ఎప్పుడు వస్తుందా అని చూస్తుంది. కథ అంతే.

మాస్టారి ఆనందానికి అవధులు లేవు. మరునాడే ఆ కథను బల్ల మీద పెట్టుకుని, గుక్క తిప్పుకోకుండా ఒక పీరియడంతా వ్యాఖ్యానించారు. పిట్ట స్వేచ్ఛ అన్నారు. బీరువా పాతకాలపు వ్యవస్థ అన్నారు. నీలిరంగులో ఆకాశం ఉన్నదన్నారు. పక్క గదిలో రసాయనశాస్త్రం చెబుతున్న ఈ వ్యాసకర్త సైతం పాఠం ఆపి విన్నమాట వాస్తవం. చివరి నిమిషంలో ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, అది స్వేచ్ఛ కాదండి. నా ఇన్‌హేలర్. పెద్ద మేడం గారి బీరువాలో ఉంది."

తరగతి ఘొల్లుమంది. మాస్టారు నవ్వలేదు. ఆ నలభై నిమిషాల మాట కూడా నిజమేనా అని మెల్లగా అడిగారు. నిజమేనని, మొన్న గురువారం జరిగిందని ఆమె చెప్పింది. ఉత్తరం రాస్తే ఎవరూ పట్టించుకోరని, కథ రాస్తే మీరు తప్పక చదువుతారని రాశానని కూడా చెప్పింది. పందొమ్మిదేళ్లుగా వాక్యాల అడుగున ఏముందో వెతికిన మనిషికి, ఈసారి వాక్యం పైనే కూర్చున్నది కనిపించలేదు. ఆ మధ్యాహ్నం వారు టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు.

ప్రధానోపాధ్యాయిని గారు ఒక్కరి కోసం నియమం సడలిస్తే రేపు అందరూ అడుగుతారని, కావాలంటే తల్లిదండ్రుల సమక్షంలో చర్చ పెట్టమని, సభ ఏది చెబితే అదే చేస్తానని అన్నారు. మాస్టారు సంతోషంగా ఒప్పుకున్నారు. నోటీసు బోర్డు మీద 'బడిలో మందు ఉండవచ్చునా? శనివారం బహిరంగ చర్చ. పెద్దలందరూ తప్పక రావలెను' అని ముత్యాల్లాంటి అక్షరాలతో స్వయంగా రాశారు. మందు అన్న మాటకు లోకంలో మరో అర్థం ప్రచారంలో ఉన్నదని, అర్థాలే వృత్తిగా బతికిన వారికి తట్టకపోవడం విధివిలాసం. అంతకుముందు ఏ సమావేశానికీ ముప్పై మందికి మించి రాని తల్లిదండ్రులు ఆ రోజు మూడు వందల మంది వచ్చారు. వడ్రంగి పనిచేసే ఒక తండ్రి మొట్టమొదటే మైకు అందుకుని, తాను తాగి చెడిన సంగతీ, మానేసి బాగుపడిన సంగతీ చెప్పి, బడిలో బారు పెట్టాలన్న ఆలోచన ఏ మహానుభావుడిదో చెప్పమని పది నిమిషాలు నిలదీశారు. సభ చప్పట్లు కొట్టింది. విషయం దగ్గు, తలనొప్పి, ఉబ్బసం మందుల గురించని తెలిశాక ఆయన కొంచెం నిరాశపడి కూర్చున్నారు.

అసలు చిక్కు తరువాత వచ్చింది. చీటీలు తీస్తే మాస్టారికి నిషేధాన్ని సమర్థించే పక్షం వచ్చింది. నియమం వారిదే, కాదనలేరు. పక్షం ఏదైతేనేం, మాట్లాడటం మొదలుపెట్టాక వారిని ఆపడం ఎవరి తరం? సీసాలోని తీపి ఏ విధంగా అలవాటుగా మారుతుందో, అలవాటు ఏ విధంగా బానిసత్వమవుతుందో వర్ణిస్తుంటే తల్లుల కళ్లు చెమర్చాయి. రెండో వరుసలో కూర్చున్న ఆ అమ్మాయి తల దించుకుంది. ఈ ఆవరణలో ఒక్క మాత్ర, ఒకే ఒక్క మాత్ర ఉన్నా అది మన ఓటమి అని గర్జిస్తూ, ముఖం తుడుచుకోవడానికి వారు జేబురుమాలు లాగారు. దానితోపాటు రక్తపోటు మాత్రల పట్టీ ఒకటి జేబులోంచి జారి, వేదిక చెక్కల మీద చప్పుడు చేస్తూ పడింది.

ముందు వరుసలో కూర్చున్న సతీమణి గొంతు తగ్గించడం మరిచిపోయారు.

"ఏమండీ, అది పొద్దున్నే వేసుకోవాల్సింది."

మూడు వందల మంది కడుపుబ్బ నవ్వారు. ప్రధానోపాధ్యాయిని గారు కొంగు అడ్డం పెట్టుకున్నారు. మాస్టారు వంగి పట్టీ తీసుకుని, కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డారు. తన మందు తన జేబులో ఉంది, అడిగిన నాథుడు లేడు. పద్నాలుగేళ్ల పిల్ల మందు మాత్రం ఇనుప తలుపు వెనక ఉంది. ఆ క్షణంలో తమ వాగ్ధాటిని చూసి తమకే సిగ్గు వేసిందని తరువాత వారే చెప్పుకున్నారు.

వారు రెండో జేబులోంచి ఒక కాగితం తీసి, ఒక విద్యార్థిని రాసిన కథ చదువుతానని మాత్రం చెప్పి, నీలి పిట్ట కథను మొదటి నుంచి చివరి వరకు చదివారు. చదవడం అయ్యాక, ఉద్యోగంలో మొదటిసారిగా, భావం చెప్పకుండా కూర్చున్నారు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సతీమణి గారు లేచి, ఏ మందు ఎవరికి, ఎంత, ఎవరి చేతి మీదుగా అన్నది రాసి పెట్టుకుంటే సీసాలు దొంగతనంగా రావని, ఉబ్బసం ఉన్న పిల్ల మందు పిల్ల దగ్గరే ఉండాలని నిదానంగా వివరించారు.

"మేడం గారూ, బీరువాలో ఉన్న మందు బీరువాకే పనిచేస్తుందండి" అని కూర్చున్నారు.

ప్రధానోపాధ్యాయిని గారు ఓట్లు అడగలేదు. బొడ్డున దోపుకున్న తాళాల గుత్తి తీస్తూ సభలోంచి నడిచి వెళ్లారు. తిరిగి వచ్చి ఇన్‌హేలర్‌ను ఆ అమ్మాయి చేతిలో పెట్టి, ఆ రోజు నేను బడిలో ఉండాల్సిందమ్మా అన్నారు. మిగిలిన మందులకు వైద్యుడి చీటీ, ఒక పుస్తకం, బాధ్యత గల ఒక ఉపాధ్యాయురాలు ఏర్పాటయ్యాయి. ఆ పద్ధతి నేటికీ నడుస్తోంది. దగ్గు మందు సీసాలు మళ్లీ కనపడలేదు. మాస్టారు చర్చలో ఓడిపోయినట్లు గోడపత్రికలో పెద్ద అక్షరాలతో ప్రకటించినది మాస్టారే.

ఆ ఘట్టం వారి బోధనను మార్చింది. అటుపిమ్మట ఏ కథ చెప్పినా ముందు ఏం జరిగిందో అడిగేవారు, ఎవరికి ఏం కావాలో అడిగేవారు. భావం వంతు మూడో రోజున వచ్చేది. కథ మూడు వారాల నుండి రెండు వారాలకు తగ్గింది. పాఠ్యప్రణాళిక చరిత్రలో మొదటిసారి డిసెంబరులో పూర్తయింది. ఆ అమ్మాయి తరువాత కథలేవీ రాయలేదు. ఎందుకని వారు అడిగితే, ఇప్పుడు ఊపిరి బాగానే ఆడుతోంది కదా సార్ అన్నదట. ఒక మంచి రచయిత్రిని చేజేతులా పోగొట్టుకున్నానని వారు ఎంతో గర్వంగా చెప్పుకునేవారు.

గత శుక్రవారం వారికి ఏ తరగతీ లేదు. వీడ్కోలు ఏర్పాట్ల కోసం కావాలనే ఖాళీ ఉంచాం. పూలగుత్తులు పట్టుకుని స్టాఫ్‌రూమ్‌లో నలభై మందిమి నిరీక్షిస్తుండగా, లెక్కల టీచరు రాలేదని ఎనిమిదో తరగతి పిల్లలు గొడవ చేస్తుంటే విని వారు అటు వెళ్లిపోయారు. గంట కొట్టినా రాలేదు. పిలవడానికి వెళ్లిన అటెండరు కూడా వెనుక బెంచీలో కూర్చుండిపోయాడు. చివరకు మేమందరం పూలతో సహా వరండాలో నిలబడి ఆ పాఠం విన్నాం.

పక్క గదిలోంచి ఇంత కాలం విన్న ఆ కంఠం ఇకపై తొందర లేని ఉదయాల్లో, ఇష్టమైన పుస్తకాల నడుమ, సతీమణి గారి చెంత, పిల్లల, మనవల మధ్య ఇదే నిండుతనంతో వినబడాలని, చూపు చెదరక, అడుగు తడబడక, నిండు నూరేళ్లూ వారు ఆరోగ్యంగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాం.