కాయని మిరప

గుంటూరులో 'నల్లమట్టి' దినపత్రిక ఆఫీసు. ఎడిటర్ మనోజ్ఞ ఎదురుగా పత్రిక ట్రస్టు ఛైర్మన్ జానకిరామయ్య.

"ఆ వార్త ఆపమనట్లేదమ్మా. కాస్త ఆలస్యం చెయ్యమంటున్నా."

"ఎంత ఆలస్యం, జానకిరామయ్య గారూ?"

"రైతులు మర్చిపోయేదాకా."

"మిరప ఏపుగా పెరిగి, ఒక్క కాయ కాయకపోతే రైతెలా మర్చిపోతాడండీ?"

"దానికి నకిలీ విత్తనమనే రాయాలా? కాయ ఆలస్యమని రాయొచ్చుగా."

"ప్రత్తిపాడు చుట్టుపక్కల చేలన్నీ అలాగే ఉన్నాయి. ప్యాకెట్ మీదేమో మీ బావమరిది అంకమ్మరావు గారి ఫొటో."

"ఫొటో బాగానే వచ్చిందా?"

"నవ్వుతున్నారు."

"మంచివాడమ్మా వాడు. దసరాకి మనకి ఫుల్ పేజీ యాడ్ ఇచ్చాడు."

"యాడ్ వేశాం. వార్తా వేస్తాం."

"అసలీ పత్రిక ఎవరిది?"

"ట్రస్టుది."

"ట్రస్టుకి ఛైర్మనెవరు?"

"మీరే."

"మరి?"

"వార్తల్లో ట్రస్టీలెవరూ వేలు పెట్టకూడదని, ట్రస్టు పెట్టిన రోజే మీ నాన్నగారు రాయించారు కదండీ."

"ఆయన కొడుకుని నేను. మారుస్తా."

"మార్చకూడదనీ రాయించారు."

"కన్నకొడుకు మీద అంత అపనమ్మకమా?"

"మీ ఒక్కరి మీదే కాదండీ. తన మీద కూడా. ఆయన వేలూ పెట్టనివ్వలేదు."

"పోనీ, అమ్మేస్తే? అంకమ్మరావే కొంటానంటున్నాడు."

"అమ్మడానికి మీ పేరున వాటా ఏదీ? ఎవరి పేరునా లేదు."

"నిన్ను తీసేస్తే?"

"మీరొక్కరే తీసెయ్యలేరు. ట్రస్టీలందరూ, విలేకరులు ఎన్నుకున్న మనిషీ కూర్చుని కారణం చెప్పాలి. ఆ కారణం మన పత్రికలోనే వెయ్యాలి."

"అంటే... నా చేతిలో ఏమీ లేదంటావు."

"లేదండీ."

"ఇంకోసారి చెప్పు. కొంచెం గట్టిగా."

"ఈ వార్త ఆపడం మీ చేతిలో లేదు, జానకిరామయ్య గారూ."

"విన్నావుగా, అంకమ్మరావ్? నేనేం చెయ్యనురా, మా నాన్న నా చేతులు కట్టేసి పోయాడు. సరే, ఉంటా."

"ఆయన ఫోన్లో ఉన్నారా? ఇంతసేపూ విన్నారా?"

"జేబులోనే ఉన్నాడు. పెట్టేశాడులే. పొద్దుట్నుంచీ వాళ్లక్క దగ్గర కూర్చుని ఒకటే ఏడుపు, ఆవిడొచ్చి నా మీద ఏడుపు. ఇంక నన్నెవరూ అడగరు. రేపు మొదటి పేజీలోనేగా?"

"మొదటి పేజీలోనే."

"అయితే మోసపోయిన రైతుల పేర్లలో నాది కూడా కలుపమ్మా. బావమరిదే కదాని మన చేలో అంతా వాడి విత్తనమే వేశాను."