పగిలిన రోలు

సెగూ పట్నం దగ్గరి ఒక ఊళ్లో, పెద్దభార్య గుమ్మం ముందున్న రోట్లో మొదటిసారి రెండు రోకళ్లు దిగుతున్నాయి. చిన్నభార్య కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఎవరి రోలు వారిదే, ఎవరి సజ్జలు వారివే. ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఈరోజు చిన్నభార్య తన రోలు పగిలిందని చెప్పి, రోకలి పట్టుకుని ఇక్కడికి వచ్చింది.

"అయ్యో, మళ్లీ నీ రోకలికే తగిలింది అక్కా."

"తగలదూ మరి? ఉన్నది ఒక్క రోలు. నాది లేచినప్పుడు నీది దిగాలి."

"నిన్ను చూస్తే భయమేసి తడబడుతున్నాను."

"నన్నెందుకు చూడ్డం? చప్పుడు విను."

విన్నది. పోటుకీ పోటుకీ మధ్య తనకోసం కాస్త చోటు వదిలినట్టు అనిపించింది. అందులో తన రోకలి దింపింది.

"కుదిరిందక్కా!"

"మురిసిపోక దంచు. ఏదీ, రోకలి పైకెగరేసి, అది చేతికి దిగేలోగా చప్పట్లు కొట్టు."

"కొట్టాను! అక్కా, నువ్వు నవ్వుతున్నావు!"

"కంట్లో పొట్టు పడిందిలే. అవునే, నీ రోలు పగిలిందన్నావు కదా?"

"అవునక్కా. నిలువునా."

"పొద్దున నీ పెరట్లోకి వచ్చాను. బోర్లించిన రోలు మీద కోడి కూర్చుంది. దాన్ని తోలి చూశాను. గీత కూడా పడలేదు."

చిన్నభార్య రోకలి గాల్లోనే ఆగిపోయింది.

"తెలిసీ రానిచ్చావా?"

"ఒంటిగా దంచి విసిగింది నువ్వొక్కదానివే అనుకున్నావా? ఆపకు, పోటు తప్పుతుంది."

"మరి రేపు?"

"రేపటికి మాత్రం అతుక్కుంటుందా, పగిలిన రోలు?"