మేడం మిగుల్చుకున్న వాక్యాలు

జిప్పేగా, ఇటివ్వు. ఎంతసేపు, చిటికెలో పని. ఆ స్టూలు మీద బట్టలు పక్కన పడేసి కూర్చో. చంకలో ఏంటది, ఇంగ్లీషు గ్రామరా? పరీక్షా? ఏదీ చూడనీ... వాక్యాల్లో రకాలు. ఓహో. నవ్వుతావేం, నాకూ వచ్చమ్మా అవి! టైలర్ తాతయ్యకి ఇంగ్లీషేంటని కదూ? నువ్వు మార్కుల కోసం నేర్చుకుంటున్నావు, నేను మా ఆవిడ కోసం నేర్చుకున్నాను. అదీ ఆవిడ మంచాన పడ్డాక. నువ్వప్పటికి పుట్టనే లేదు. మీ అమ్మకి తెలుసు, ఈ గదిలోనే మా ఆవిడ దగ్గర ట్యూషన్ చదువుకుంది. కర్టెన్‌కి అవతల ఆవిడ బ్లాక్‌బోర్డు, ఇవతల నా మిషను. అందరూ మేడం అనేవాళ్లు. నేనూ మేడమనే పిలిచేవాణ్ణి, మొదట్లో వెక్కిరింపుకి, తర్వాత అదే అలవాటైపోయింది. "ఏమండీ, మిషను కాస్త ఆపుతారా, పిల్ల జవాబు వినపడి చావట్లేదు" అనేది. ఆపేవాణ్ణి. ఏళ్ల తరబడి చెవిన పడ్డా ఒక్క ముక్క బుర్రకెక్కలేదనుకో.

ఓసారి పాఠం మధ్యలో ఆవిడ చేతిలోంచి చాక్‌పీసు జారింది. వంగి తీసుకుంటుందనుకున్నారు పిల్లలు. తీసుకోలేదు. కుడిపక్కంతా పడిపోయింది, మాట కూడా. ఆసుపత్రి నుంచి తెచ్చాక చాన్నాళ్లు ఉలుకూ పలుకూ లేదు. ఆ రోజుల్లో ఈ ఇల్లెలా ఉండేదో... వద్దులే. ఓ పొద్దున నేను పెరట్లో పళ్లు తోముకుంటుంటే లోపల్నుంచి ఖంగుమని, "వేర్ ఈజ్ ద పోస్ట్‌మ్యాన్?" అంది. నా ప్రాణం లేచొచ్చింది! బ్రష్షు నోట్లో పెట్టుకునే వీధి చివరిదాకా పరిగెత్తాను పోస్ట్‌మ్యాన్ కోసం. పాపం అతను సైకిలాపి, "మీకేం ఉత్తరాల్లేవండీ" అంటాడు. కాసేపు రావయ్యా బాబూ, మా మేడం అడుగుతోందని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆవిడ అతన్ని చూసి మొహం తిప్పుకుంది. తర్వాత డాక్టరు చెప్పాడు, ఇలాంటి జబ్బులో మామూలు మాటలు పోయినా, బాగా వల్లించినవి కొందరికి మిగులుతాయట. మనమనేది అర్థమయ్యేదిగానీ, నోట్లోంచి తెలుగంతా పోయిందమ్మా ఆవిడకి. పాఠాల్లో వాక్యాలు మిగిలాయి. నాతో కాపురం చేసిన మాటలు పోయి, నాకు రాని మాటలు ఉండిపోయాయి. చూశావా నా రాత! ఆ రోజు గుడ్డలు కత్తిరిస్తూ ఎంత ఏడ్చానో. ఎదురుగా ఉన్న మనిషికి దాహమేస్తోందో, నొప్పిగా ఉందో తెలీకపోతే ఎలా?

"క్లీన్ ద బ్లాక్‌బోర్డ్" అనేది. నేను వెళ్లి శుభ్రంగా తుడిచొచ్చేవాణ్ణి. మళ్లీ అదే మాట, ఈసారి కోపంగా. మళ్లీ తుడిచేవాణ్ణి. చివరికి మందుల షాపతను, ఆవిడ దగ్గర చదువుకున్నవాడే, చదువులో మహా మొద్దు, మాత్రలివ్వడానికొచ్చి అంతా చూసి, "బాబాయ్, మాటల్ని పట్టించుకోకండి, అది ఏ రకం వాక్యమో చూడండి" అన్నాడు. బోర్డు తుడువు అంటే బోర్డు కాదు, ఏదో పని చెయ్యమంటోంది. దిండు సర్దాను. కాదు. ఫ్యానాపాను. హమ్మయ్య, కళ్లు మూసుకుంది! ఇక రోజూ అతను షాపు కట్టేసి వచ్చి నాకు పాఠం చెప్పేవాడు. చెప్పేవి, అడిగేవి, చెయ్యమనేవి, ఆశ్చర్యపోయేవి. చెయ్యి వంచి కసరత్తు చేయించడానికి ఓ అమ్మాయొచ్చేది. వంచినప్పుడల్లా మా ఆవిడ "వాట్ ఎ బ్యూటిఫుల్ గార్డెన్!" అని అరిచేది. ఆ అమ్మాయి మురిసిపోయి, "ఆంటీకి మొక్కలంటే ఎంతిష్టమో" అంటుంది. మొక్కలూ లేవు, మన్నూ లేదు తల్లీ, నొప్పి, మెల్లిగా వంచు అన్నాను.

అడిగేవే కష్టం. ఏం అడుగుతోందో ఎలా తెలియాలి? మధ్యాహ్నం నేను కత్తెర కింద పెట్టానో లేదో, "ఈజ్ ద క్యాట్ అండర్ ద టేబుల్?" అనేది. అద్దె కట్టేశా అన్నాను. మీ చెల్లెలు బాగానే ఉంది మేడం అన్నాను. ఊహూఁ, మళ్లీ ఆ పిల్లి మాటే. విసుగొచ్చి, "నేను తిన్నాక చూస్తాలే నీ పిల్లిని" అన్నాను. గబుక్కున నా పళ్లెం వైపు చూసింది. ఓరి నాయనో, తిన్నావా అని అడుగుతోంది! మంచంలో పడుండి కూడా! అప్పట్నుంచి ఆ పిల్లి సంగతి అడగ్గానే "తిన్నాను మేడం" అనేవాణ్ణి. తినకపోయినా అనేవాణ్ణనుకో. ఇప్పుడు తిన్నా అడిగే దిక్కు లేదు.

ఇంకా ఉన్నాయిగా, రెండు ముక్కలు అతికిన పెద్ద వాక్యాలు. చివరి రోజుల్లో ఓ సాయంత్రం "ఇఫ్ ద బస్ డస్ నాట్ కమ్..." అని ఆపేసింది. ఎడమ చేత్తో వేలు నా వైపు చూపించింది. పక్కనే ఉన్న మందుల షాపతను, "బాబాయ్, బస్సు రాకపోతే అంటోంది. క్లాసులో సగం తను చెప్పి మిగతా సగం మాతో చెప్పించేది. వేలెటు చూపిస్తే వాళ్లు లేచి చెప్పాలి" అన్నాడు. లేచాను. ఆ వయసులో, చేతులు కట్టుకుని. ఆవిడ మనసులో ఉన్నది బస్సు కాదని తెలుసుగా నాకు. ఇంగ్లీషులో జవాబివ్వడం రాదుగా, తెలుగులోనే, "బస్సు రాకపోతే ఏం మేడం, ఇద్దరం నడిచి వెళ్దాం" అన్నాను. చాలాసేపు నా మొహంలోకి చూసి, "గుడ్. సిట్ డౌన్" అంది. అతను గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుంటూ, "నన్నెప్పుడూ గుడ్ అనలేదు బాబాయ్" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది, నవ్వొచ్చింది కూడా. మంచం పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకున్నాను.

ఆ వారంలోనే పోయింది. ఇద్దరం అన్నానమ్మా నేను. స్పష్టంగా అన్నాను. గుడ్ అందిగా... అని నన్ను కూర్చోబెట్టి, తనొక్కతే వెళ్లిపోయింది.

ఆ లైటు వెయ్యి తల్లీ, దారం కనపడట్లేదు.